కుండలోని చలువ

తెలుగు భాషలో చల్లదనం వేరు, చలువ వేరు. ఐసుముక్క చల్లన, తాటిముంజె చలువ. చల్లదనం తాకగానే తెలిసిపోయేది, నాలుకమీద నిలిచి అంతలో కరిగిపోయేది. చలువ ఒంట్లోకి దిగి, నెమ్మదిగా పనిచేసి, కొంతసేపటికి గాని తెలియనిది. మిరియాల పానకం గొంతులో చురుక్కుమంటుంది. అయినా దానిని చలువ అనే అంటారు. మామిడిపండును ఎంతసేపు నీళ్లలో నానవేసి చల్లబరచినా అది వేడి అనే అంటారు. మన పెద్దలు ఈ రెండు మాటలను ఎన్నడూ కలగాపులగం చేయలేదు. వేసవి సుఖాలను గురించి చెప్పుకొనేటప్పుడు ఈ తేడాతోనే మొదలుపెట్టడం మంచిది. ఏమంటే, గోదావరి డెల్టాలో ఎండకాలపు సుఖాలలో చాలవాటి వెనుక ఒకే ఒక సూత్రం ఉన్నది. ఇంటి మూల ఇసుకమీద కూర్చున్న మట్టికుండలో అది కనిపిస్తుంది. ఆ కుండ సంగతి తెలిసినవారికి వేసవిలో ఏది సుఖమో, ఏది ప్రమాదమో కూడ తెలుస్తుంది.

ముందుగా చోటు సంగతి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమనున్న పచ్చని నేల కోనసీమ. జొన్నాడ దగ్గర వంతెన ఎక్కి గౌతమిని దాటి ఆవలిగట్టున దిగితే రావులపాలెం. అందుకే ఈ ఊరిని కోనసీమకు ముఖద్వారం అంటారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది తూర్పు గోదావరి నుంచి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోకి వచ్చింది. చెన్నపట్నం నుంచి కలకత్తాకు పోయే రహదారి ఈ ఊరిమీదుగానే సాగుతుంది. అరటి వ్యాపారానికి రావులపాలెం పెట్టింది పేరు. చుట్టుపట్ల లంకలలోనూ తోటలలోనూ కోసిన చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, బొంత గెలలు ఇక్కడి సంతకు చేరి, లారీల మీద ఒడిశాకూ బెంగాలుకూ పోతవి.

ఇంత నీటినేలలో వేసవి ఒక విచిత్రమైన కాలం. దాళ్వా వరి కోతలు ముగిసే వేళకు కాలువలు కట్టివేస్తారు. గట్లు, లాకులు బాగుచేసుకొనడానికి అదే అదను. మళ్లీ జూను మొదట్లో నీరు వదిలేవరకు, ఏడాది పొడవునా నిండుగా పారే కాలువల అడుగులు బయటపడి పగుళ్లు తీస్తవి. గౌతమిలో ఇసుక తిన్నెలు వెడల్పవుతవి. కాలువలు కట్టకముందే ఊళ్లవారు మంచినీటి చెరువులు నింపుకొంటారు. వేసవి అంతా గడవవలసింది ఆ నిల్వ నీటితోనే. అంటే డెల్టాలో నీరు తగ్గిన నెలల్లోనే నీటి అవసరం పెరుగుతుంది. ఈ నేల సుఖాలన్నీ ఆ లోటులోనుంచి పుట్టినవే. ఉన్న కొద్ది నీటిని ఎట్లా వాడుకొంటే ఒంటికి చలువ చేస్తుందో తరతరాలుగా ఇక్కడివారు నేర్చుకొన్నారు.

ఇక కుండ దగ్గరకు వద్దాము. కాల్చిన మట్టిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటవి. లోపలి నీరు వాటిగుండా బయటి గోడమీదికి ఊరి, గాలి తగలగానే ఆవిరి అవుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండ గోడనుంచీ, లోపలి నీటినుంచీ లాక్కొంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావలసి ఉండగా, ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చడానికి ఒక కేలరీ తీసివేస్తే చాలు. లెక్కకు, ఒక చెంచాడు నీరు ఆవిరై పోతే సుమారు యాభై ఎనిమిది చెంచాల నీరు పది డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి తిరిగి లోపలికి వస్తూనే ఉంటుంది కనుక ఆచరణలో అంత చల్లబడదు. అయినా బేరం ఎంత లాభసాటిదో చూడండి: కాస్త నీటిని గాలికి ఇచ్చుకొని మిగిలిన నీటిని కాపాడుకొనడం.

ఈ సూత్రం తెలిస్తే ఇంటి పెద్దలు చేసే పనులన్నింటికీ అర్థం దొరుకుతుంది. కుండను గాలి తగిలే నీడలో పెడతారు. అడుగున ఇసుక పోసి తడుపుతారు. చుట్టూ తడిగుడ్డ కడతారు. ఏటేటా కొత్త కుండ కొంటారు. ఏమంటే నీటిలోని సున్నపు పాళ్లు పేరుకొని పాతకుండ రంధ్రాలు పూడిపోతవి. ముచ్చటపడి కుండకు నున్నని రంగు పూసినవారికి అందం దక్కుతుంది గాని చల్లని నీరు దక్కదు. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చిలకరించడం కూడ ఇదే విద్య. తాటాకు విసనకర్ర గాలిని చల్లబరచదు; ఒంటిమీది తేమగాలిని తొలగించి పొడిగాలిని తెస్తుంది, అప్పుడు చెమట ఆరుతుంది. అదీ దాని ఉపకారం.

అయితే కుండ అన్నిరోజులూ ఒకేవిధంగా చల్లబడదు. ఇది చాలమంది గమనించి కూడ కారణం ఆలోచించని సంగతి. తెలుగువారు వేడిని రెండు తెగలుగా విడదీశారు. ఒకటి వడ, రెండవది ఉక్క. పడమటినుంచి పొడిగా, ముఖం మాడ్చేటట్లు వీచేది వడగాలి. గాలి కదలక, ఒళ్లంతా జిడ్డుకట్టి, చెమట ధారకట్టినా ఆరని స్థితి ఉక్కపోత. వడగాలినాడు కుండలో నీరు తియ్యగా, చల్లగా ఉంటుంది. ఉక్కనాడు అదే కుండలో నీరు గోరువెచ్చన. గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్నది. కుండ ఇచ్చే ఆవిరిని పుచ్చుకొనడానికి చోటు లేదు.

ఈ హద్దును కొలిచే సాధనం ఉన్నది. ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎంతవరకు దిగి ఆగుతుందో, దానిని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. మట్టికుండ ఎంత మంచిదైనా ఇంచుమించు ఆ అంకెకు దిగువకు పోలేదు. రెండు ఊళ్లను ఊహించండి. అనంతపురం వంటి మెట్టసీమలో ఒకనాడు ఎండ 40 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి 25 పాళ్లు. కోనసీమలో అదే రోజున ఎండ 36 డిగ్రీలే, తేమ నూటికి 65 పాళ్లు. మొదటిచోట తడి బల్బు సుమారు 24 వద్ద ఆగుతుంది. రెండవచోట సుమారు 30 వద్దనే ఆగిపోతుంది. ఎండ నాలుగు డిగ్రీలు తక్కువగా ఉన్న ఊళ్లో కుండనీరు ఆరు డిగ్రీలు వెచ్చన! పచ్చని కొబ్బరితోటల నడుమ ఉన్నాము, మనకు ఎండ ఏమిచేస్తుందిలే అనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి మనసులో పెట్టుకొనవలె.

ఎందుకంటే మన శరీరం కూడ ఒక కుండే. చర్మం నిండ సన్నని రంధ్రాలు. వాటిగుండా ఊరే చెమట. అది ఆరినప్పుడు లోపలి వేడి తగ్గడం. అంతా అదే పద్ధతి. ఎండలో కష్టపడి పనిచేసే మనిషి గంటకు లీటరు వరకు చెమట పోగొట్టుకొనవచ్చు. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. గుడ్డలు తడిసి, నేలమీదికి బొట్లుగా రాలిన చెమట వృథాగా పోయిన నీరే. తడి బల్బు 35 డిగ్రీలు దాటితే మనిషి శరీరం వేడిని వదిలించుకొనలేదని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకులపై పరీక్షలు చేసి చూస్తే, తేమగాలిలో ఆ హద్దు సుమారు 31 వద్దనే ఎదురయింది. వృద్ధులకూ రోగులకూ అది ఇంకా తక్కువే అనుకొనవలె. ఇందాక ఊహించిన కోనసీమ మధ్యాహ్నం ఆ గీతకు ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

ఈ దృష్టితో చూస్తే మన వేసవి పానీయాలు వట్టి రుచికోసం పుట్టినవి కావని తెలుస్తుంది. చెమటలో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడ. పోయిన రెంటినీ తిరిగి ఇచ్చేదే చలువ. చిలికి వెన్నతీసిన మజ్జిగలో నీళ్లు పోసి, ఉప్పు, దంచిన అల్లం, చిదిమిన దబ్బాకు వేసి ఇచ్చే తేటమజ్జిగ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి కాస్త పులిసి తరవాణి అవుతుంది. ఆ చద్దన్నంలో ఉప్పు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని పొలానికి పోయే రైతు, నీరూ ఉప్పూ బలమూ ఒక్క గిన్నెలో పుచ్చుకొని పోతున్నాడు. శ్రీరామనవమినాటి పానకంలో బెల్లం సత్తువనిస్తుంది. మిరియం చెమట పట్టిస్తుంది. ఆరడానికి అనువైన గాలి ఉన్నచోట ఆ చెమటే చలువ.

కోనసీమ అనగానే కొబ్బరిబొండం గుర్తుకు వస్తుంది. బొండం నీరు శుభ్రమైనది, తేలికైనది. కాని అందులో పొటాషియం అనే లవణం ఎక్కువ, మన ఉప్పులోని సోడియం తక్కువ. చెమటలో ముఖ్యంగా పోయేది సోడియమే. కనుక ఎండలో గడ్డపార వేసినవాడు బొండంతోనే సరిపెట్టుకొనకుండా వెంట ఉప్పువేసిన మజ్జిగ కూడ తాగడం మేలు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలోనూ బొండం విషయంలోనూ వైద్యుని మాటనే అనుసరించవలె.

తాటిముంజెది మరొక కథ. తాళ్లలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, కాయలు ఆడచెట్టుకే. గెలను కల్లుకు గీస్తే ముంజెలు ఉండవు, ముంజెలకు వదిలితే కల్లు ఉండదు. కాయ ముదరకముందే దించి, కత్తితో పైభాగం చెక్కితే సాధారణంగా మూడు కళ్లు కనిపిస్తవి. ఒక్కొక్క కంటిలో ఒక ముంజె. నిజానికి అది ఇంకా గట్టిపడని విత్తనపు గుజ్జు. అందులో అధికభాగం నీరే. నాలుగురోజులు ఆలస్యమైతే ఆ మెత్తని ముంజె కొబ్బరివలె బిరుసెక్కి పనికిరాకుండా పోతుంది. అదే కాయను వదిలివేస్తే వానకాలంలో పండి రాలుతుంది. ఆ టెంకను పాతిపెడితే చలికాలంలో తేగ అవుతుంది. మూడు ఋతువులలో మూడు రుచులిచ్చే ఈ చెట్టు తన వేసవి వాటాను మాత్రం నీటిరూపంలోనే ఇస్తుంది. ముంజెలు తిన్న తరువాత పిల్లలు ఆ డొక్కలను పుల్లకు గుచ్చి, పంగలకర్రతో తోసుకొంటూ బండ్లు నడపడం డెల్టా పల్లెల్లో వేసవికి శోభ.

ఇంతకూ ఐసు వేసిన పానీయాలను తీసివేయడం నా ఉద్దేశం కాదు. రాజమహేంద్రవరం వెళ్లినవారు చల్లని రోజ్ మిల్క్ తాగకుండా తిరిగి రావడం అరుదు. ఎండలో తిరిగి వచ్చినవారికి ఆ గులాబిరంగు గ్లాసు కలిగించే ఆనందాన్ని ఏ శాస్త్రమూ కాదనలేదు. అది చల్లదనం, దానికి దాని స్థానం ఉన్నది. అయితే దాహం తీరిందనిపించడం వేరు, లోటు తీరడం వేరు. చల్లని తీపితో నాలుక తొందరగా తృప్తిపడుతుంది. ఒళ్లు మాత్రం ఇంకా నీటికోసం, ఉప్పుకోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. రోజ్ మిల్క్ తాగండి. ఇంటికి వచ్చి మజ్జిగ కూడ తాగండి.

ఇంతవరకు ఎండనుంచి తప్పించుకొనే సుఖాలను చెప్పుకొన్నాము. ఎండను పనిలో పెట్టుకొనే సుఖాలు మరికొన్ని ఉన్నవి. వాటి రహస్యం కూడ నీరు ఆవిరి కావడమే. మామిడితాండ్ర చూడండి. రసం తీసి, తీపి కలిపి, చాపమీద పలచగా పోసి ఎండనిస్తారు. అది ఆరిన తరువాత మరొక పూత. ఇట్లా రోజుల తరబడి పొరమీద పొర వేస్తే గాని వేలిమందం తాండ్ర తయారుకాదు. ఈ పనికి ఎండ ఒక్కటే చాలదు, పొడిగాలి కూడ కావాలి. ఉక్కనాడు కుండ చల్లబడనట్లే తాండ్రా ఆరదు. నడుమ ఒక జల్లు పడితే చేసిన శ్రమ అంతా బూజుపాలు. వడియాలు, అప్పడాలు, మాగాయ ముక్కలు అన్నీ ఇదే ఎండకు ఋణపడినవి.

ఆవకాయలో ఎండ పనిని ఉప్పు చేస్తుంది. ముక్కల్లోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. అదే మూడవనాటికి పైకి తేలే ఊట. ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి ఘాటు ఒకచోట చేరినప్పుడు కుళ్లించే సూక్ష్మజీవులు బ్రతకలేవు. పైన పప్పునూనె గాలి తగలకుండ మూతవేస్తుంది. తడిచేయి జాడీలో పెట్టవద్దని అమ్మమ్మలు కేకలు వేయడం చాదస్తం కాదు; బయటినుంచి ఒక్క నీటిబొట్టు చేరినా ఈ కట్టుదిట్టమంతా సడలుతుంది. కొత్తావకాయ కలిపిన మొదటిరోజు వేడి అన్నం, నేయి వేసుకొని తినే ముద్ద వేసవికి పట్టాభిషేకం వంటిది.

పండ్లు మాగవేయడంలో కూడ ఈ ఓపికే కావాలి. కాయను గడ్డిలో కప్పిపెడితే అది స్వయంగా ఇథిలీన్ అనే వాయువును విడుస్తుంది. ఆ వాయువే పక్క కాయలను కూడ పండిస్తుంది. ఒక్క పండిన పండును కాయల నడుమ పెడితే మిగిలినవి త్వరపడేది ఇందుకే. గిడ్డంగులలో పరిమితంగా ఇథిలీన్ వాయువు వాడి పండించడానికి చట్టం ఒప్పుకొంటుంది. కాల్షియం కార్బైడును మాత్రం నిషేధించింది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండడం దానికి కారణం. పైన పసుపురంగు తిరిగి లోపల పులుపు, గట్టితనం మిగిలిన పండును చూసి ఇల్లాలు అనుమానించడం న్యాయమే. రసాలూ కొత్తపల్లి కొబ్బరీ పండే నేలలో పుట్టి, తొందర పండును తినడం నష్టం గదా!

రావులపాలేనికి పొరుగునే ఉన్న ఆత్రేయపురంలో కుండ మరొక వేషం వేస్తుంది. అక్కడ కుండను పొయ్యిమీద బోర్లించి, పలచని బియ్యపు పిండినీటిలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగుతారు. వేడికుండ తాకగానే నీరు ఆవిరైపోయి, కాగితంకన్న పలచని రేకు మిగులుతుంది. దానిలో నేయి, పంచదారో బెల్లమో చల్లి మడిస్తే పూతరేకు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక కుండ ఆవిరితో నీటిని చల్లబరిస్తే, మరొక కుండ ఆవిరితో పిండిని రేకు చేస్తుంది. కాని మనం తినే ఆ రేకు వెనుక, మే నెలలో పొయ్యిముందు గంటల తరబడి కూర్చున్న స్త్రీ ఉన్నదని మరచిపోరాదు. ఆమె చెమట ఆరే గాలి ఆ పాకలో ఉన్నదా అన్నది తీపికన్న పెద్ద ప్రశ్న.

చెట్టు కూడ ఒక కుండే. వేళ్లతో నీటిని తాగి ఆకులగుండా ఆవిరిగా విడుస్తుంది. అందుచేత చెట్టునీడ, రేకుల పందిరి నీడ ఒకటి కావు. రెండూ ఎండను ఆపుతవి. కాని రేకు వేడెక్కి ఆ వేడిని కిందికి దించుతుంది, ఆకు చల్లబడి ఉంటుంది. 1832–33 కరువులో అల్లాడిన ఈ ప్రాంతానికి, 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొరగారి ఆనకట్ట పంటనే కాక ఈ నీడను కూడ ఇచ్చింది. కాలువగట్ల చెట్లు, కొబ్బరితోటలు, అరటితోటలు ఆ నీటి బిడ్డలే. ఆత్రేయపురం దారిలో లొల్ల లాకుల దగ్గర నిలిచి చూచినవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పాతకాలపు మండువా లోగిలి కూడ ఈ తెలివినే పాటించింది: నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి, చుట్టూ వసారాలు, పైన వేడిగాలి జారిపోయే పెంకులు. ఇప్పుడు కట్టే సిమెంటు కప్పులు పగటి వేడిని దాచుకొని రాత్రికి మనమీద వదులుతవి. పెరటిలో ఒక్క వేపచెట్టును కొట్టకుండ ఉంచుకొన్న ఇల్లు, కొట్టివేసిన ఇంటికన్న సుఖంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

సాయంకాలమైతే పైరగాలి కోసం అందరూ అరుగులమీదికి, గట్లమీదికి చేరుతారు. రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ మెట్లూ, కోటిలింగాల రేవూ ఆ వేళకు నిండిపోతవి. 1900లో రైళ్లకు తెరచి, 1997లో విశ్రాంతి తీసుకొన్న పాత వంతెన ఒకపక్క, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన మరొకపక్క. కడియపులంకనుంచి వచ్చిన మల్లెలు మూరల లెక్కన అమ్ముడవుతుంటవి. నదిమీదుగా వచ్చే గాలికి అడ్డంకి లేదు. అది ఒంటిమీది తేమను తీసుకొనిపోతుంది. రోజంతా చేయలేని పనిని ఆ కుండ, అనగా మన ఒళ్లు, అప్పుడు చేసుకొంటుంది. ధనవంతుడికీ రిక్షా తొక్కేవాడికీ ఒకే ధరకు, అనగా ఊరికే, దొరికే సుఖం అది.

కాని మధ్యాహ్నం అందరికీ ఒకటిగా ఉండదు. తాడెక్కి ముంజెలు దించేవాడు, అరటిగెలలు లారీకి ఎత్తే కూలీ, రోడ్డు పనివారు, పూతరేకుల పొయ్యి ముందరి స్త్రీ: మన సుఖాలను తయారుచేసేవారు వీరే, ఎండ ముందుగా తాకేదీ వీరినే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అధికభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. సముద్రతీరపు ఊళ్లలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరి, సాధారణంకన్న నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాడ్పుగా లెక్కించాలని భారత వాతావరణ శాఖ నియమం. మైదానాలకు ఆ అంకె 40. తీరానికి తక్కువ అంకె ఎందుకు పెట్టారో మన కుండ ఇదివరకే చెప్పింది.

ఉక్క ఎక్కువైన రోజున ఏమి చేయవలెనో చెప్పడం కష్టం కాదు. బరువుపనిని తెల్లవారుజాముకో, చల్లపొద్దుకో మార్చవలె. దాహం వేసేదాకా ఆగకుండ కొద్దికొద్దిగా తాగుతూ ఉండవలె. ఎవరైనా తూలిపడి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ అని గ్రహించి, వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి గట్టిగా విసరవలె. అనగా ఆ మనిషిని తడికుండను చేయవలె. తెలివి లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. విసురుతూనే 108కి కబురు చేయవలె. తెలివిగా ఉండి నీరసించినవారికి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదునైన చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు.

మన ఊళ్లలో చలివేంద్రం పెట్టడం పాత ఆచారం. రహదారి పక్కన నీడలో రెండు కుండలు, ఒక గ్లాసు, నీళ్లు పోసే మనిషి. ఆ పుణ్యకార్యానికి ఒక చిన్న చేర్పు చేసుకొంటే మేలు: ఒక కుండలో నీళ్లు, మరొకదానిలో ఉప్పువేసిన మజ్జిగ. అరటిసంత దగ్గర కూలీ ఆగి రెండు గ్లాసులు తాగి, చెట్టుకింద కాసేపు కూర్చొనడానికి యజమాని ఒప్పుకొంటే అది మూడవ కుండ.

రేడియోలో వాతావరణ సమాచారం చెప్పేటప్పుడు చాలమంది గరిష్ఠ ఉష్ణోగ్రత విని లేచిపోతారు. రోహిణీకార్తె రోజుల్లో ఇంకొక్క నిమిషం ఆగి, గాలిలో తేమ ఎంతో చెబితే అది కూడ వినండి. రెండు అంకెలూ పెద్దవైన రోజున లేచి ఇంట్లో కుండను తాకి చూడండి. అది చల్లగా లేకపోతే, ఆ పూట పొలానికి పోయినవారికి మజ్జిగ కొంచెం ముందుగా పంపండి.